మౌస్ మొరాయిస్తోందా?

తీగల గొడవ ఉండదని వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ కొనుక్కుంటాం. సరిగ్గా అవసరమైన వేళకే అవి ముఖం చాటేస్తాయి. పాడయ్యాయనుకుని పక్కన పడేసేముందు ఒక్క పది నిమిషాలు ఓపిక పడితే... చాలాసార్లు పాతవే లేచి కూర్చుంటాయి!

రాత్రి పదిన్నర. కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో ఒక ఇంట్లో లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. అమ్మాయి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. పన్నెండు కొడితే గడువు అయిపోతుంది. ఏ కాలేజీ ముందు, ఏది వెనక అన్నది రెండ్రోజుల క్రితమే కాగితం మీద వరసగా రాసిపెట్టుకున్నారు. ఇక కంప్యూటర్‌లో ఎక్కించడమే తరువాయి.

అమ్మాయి పాస్‌వర్డ్ కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే. 'మెల్లగా కొట్టమ్మా' అన్నాడు తండ్రి. మెల్లగానే కొట్టింది. పది అక్షరాలు కొడితే తెర మీద పడింది ఎనిమిది చుక్కలే! మౌస్ సంగతీ అలాగే ఉంది. చెయ్యి కదిలిన కాసేపటికి గానీ బాణం గుర్తు కదలదు. కదిలిందంటే ఎగిరి ఎక్కడో వాలుతుంది. ఒక కాలేజీ మీద నొక్కబోతే దాని కిందిదాని మీద పడితే? వరస మారితే నాలుగేళ్ల చదువే మారిపోతుంది.

తండ్రి గోడ గడియారంలోంచి సెల్లు ఊడదీసి మౌస్‌లో వేశాడు. లాభం లేదు. అరచేతిలో రెండుసార్లు తట్టాడు. ఊహూఁ. కొత్తది కొనుక్కొద్దామని చెప్పులేసుకున్నాడు. ఆ వేళప్పుడు ఏ షాపు తెరిచి ఉంటుంది? అప్పుడే వంటింట్లోంచి వచ్చిన తల్లి ఒకే ఒక్క మాట అడిగింది.

'పొద్దున బాగానే పనిచేసింది కదండీ. ఈలోపు ఏం మార్చారు?'

ఊరు, పేరు మారొచ్చేమో గానీ ఇలాంటి కథ ఏదో ఒకరోజు అందరి ఇళ్లలోనూ జరిగేదే. ఒకరికి ఉద్యోగం ఇంటర్వ్యూ మధ్యలో, ఇంకొకరికి కరెంటు బిల్లు కట్టేటప్పుడు. ఆ తల్లి అడిగిన ప్రశ్న మాత్రం ఏ కంప్యూటర్ మెకానిక్ అయినా మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు తెలియాలంటే ముందు ఆ మౌస్ కంప్యూటర్‌తో ఎలా మాట్లాడుతుందో తెలియాలి.

గోరంత రేడియో

వైర్‌లెస్ కీబోర్డులోనూ మౌస్‌లోనూ ఉండేది ఓ బుల్లి రేడియో స్టేషన్. కంప్యూటర్‌కి గుచ్చే గోరంత రిసీవర్... షాపులవాళ్ల భాషలో డాంగిల్... అదీ ఒక రేడియోనే. మీరు ఒక అక్షరం నొక్కగానే కీబోర్డు ఆ కబురు గాల్లోకి పంపుతుంది. రిసీవర్ దాన్ని విని కంప్యూటర్‌కి చేరవేస్తుంది. బ్లూటూత్ రకమైతే చాలావాటికి విడిగా రిసీవర్ ఉండదు. కంప్యూటర్ లోపల ఉన్న రేడియోనే ఆ పని చూసుకుంటుంది. తేడా అంతే.

నిజానికి మౌస్‌కి ఆ పేరు రావడానికి కారణం తోకలా వేలాడిన తీగే. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ దాన్ని తొలిసారి జనం ముందు పెట్టినప్పుడు అదో చిన్న పెట్టె. ఆ తోక తెంచడానికి చాలా ఏళ్లే పట్టింది. ఐబీఎం 1984లో అమ్మిన పీసీజూనియర్ కంప్యూటర్‌కి వైర్‌లెస్ కీబోర్డు ఇచ్చింది. అది టీవీ రిమోట్‌లాగా పరారుణ కాంతితో పనిచేసేది. మధ్యలో ఏదైనా అడ్డొస్తే అంతే సంగతులు. రేడియో తరంగాలతో పనిచేసే మౌస్‌ని 1991లో లాజిటెక్ తెచ్చింది. అప్పట్నుంచీ ఎదురుగా ఉండాల్సిన అవసరం తప్పింది.

మొదట్లో చాలా కీబోర్డులు 27 మెగాహెర్ట్జ్ తరంగాలు వాడేవి. రిమోట్‌తో నడిచే బొమ్మకార్లదీ అదే దారి. ఆ తర్వాత అందరూ 2.4 గిగాహెర్ట్జ్‌కి మారారు. మనదేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని 2005 జనవరిలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. టోలు లేని రోడ్డు అన్నమాట. టోలు లేని రోడ్డు మీద రద్దీ ఎలా ఉంటుందో చెప్పాలా? వైఫై అందులోనే, బ్లూటూత్ అందులోనే. వంటింట్లో మైక్రోవేవ్ ఒవెన్ కూడా ఆ చుట్టుపక్కలే!

అంత రద్దీలోనూ గోరంత రేడియో సక్రమంగా పలకాలంటే నాలుగు కుదరాలి. చెప్పేవాడికి ఓపిక ఉండాలి. మధ్యలో దారి బాగుండాలి. చెప్పేవాడూ వినేవాడూ ఒకరినొకరు గుర్తుపట్టాలి. వినేవాడు మెలకువగా ఉండాలి. వైర్‌లెస్ కీబోర్డు, మౌస్‌లకు వచ్చే తిప్పలు చాలామటుకు ఈ నాలుగింట్లో ఏదో ఒకటి తప్పడం వల్ల వచ్చేవే.

ముందు దొంగ ఎవరో తేల్చండి

మరమ్మతు మొదలెట్టేముందు తప్పు ఎవరిదో తెలుసుకోవాలి. రిసీవర్‌ని, మౌస్‌ని తీసుకెళ్లి ఇంకో కంప్యూటర్‌కో ల్యాప్‌టాప్‌కో పెట్టి చూడండి. అక్కడ బాగా పనిచేస్తే మౌస్‌లో లోపం లేనట్టే. తప్పంతా మీ కంప్యూటర్ దగ్గరో దాని చుట్టుపక్కలో ఉంది. అక్కడా పనిచేయకపోతే సెల్లు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. రెండు నిమిషాల ఈ పరీక్షతో సగం అయోమయం పోతుంది. బ్లూటూత్ మౌస్‌నైతే ఫోనుతోనో ట్యాబ్‌తోనో జత చేసి చూడొచ్చు.

ఓపిక లేని సెల్లు

మౌస్ పనిచేయకపోతే అందరూ ముందు అనుమానించేది సెల్లునే. అనుమానం సబబే. కానీ పరీక్షించే పద్ధతే తప్పుతుంది. గోడ గడియారానికి అతి తక్కువ కరెంటు చాలు. నీరసించిపోయిన సెల్లుతో కూడా అది నెలల తరబడి తిరుగుతుంది. రేడియోకి అలా కుదరదు. కాబట్టి గడియారం నడుస్తోంది కదాని అందులో సెల్లు తెచ్చి వేస్తే ప్రయోజనం ఉండకపోవచ్చు. కొత్త ప్యాకెట్ విప్పి వేసి చూడాల్సిందే. రెండు సెల్లు పట్టే కీబోర్డుకి ఒకటి పాతది, ఒకటి కొత్తది వేయకూడదు.

మామూలు ఆల్కలైన్ సెల్లు కొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టులు ఇస్తుంది. మళ్లీమళ్లీ ఛార్జి చేసుకునే నికెల్ సెల్లు ఇచ్చేది 1.2 వోల్టులే. అందుకే కొన్ని మౌస్‌లు నిండుగా ఛార్జి చేసిన సెల్లు వేసినా బ్యాటరీ తక్కువగా ఉందంటూ ఎర్రలైటు వెలిగిస్తాయి. కంగారుపడక్కర్లేదు.

సెల్లు అయిపోవస్తోందని గుర్తుపట్టడం ఎలా? రిసీవర్‌కి దగ్గరగా పెడితే పనిచేసి, కాస్త దూరం జరిపితే ఆగిపోతుంటే అనుమానించవచ్చు. కాసేపు విశ్రాంతి ఇచ్చాక నాలుగు నిమిషాలు పనిచేసి మళ్లీ మొండికేసినా అంతే.

సెల్లు పెట్టే అరని కూడా ఓసారి చూడండి. స్ప్రింగు దగ్గర తెల్లటి పొడి పేరుకుని ఉంటే సెల్లు కారిందని అర్థం. చేత్తో ముట్టుకోకండి. అది చర్మానికి మంచిది కాదు. సెల్లు తీసేసి, చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లకి రెండు చుక్కలు నిమ్మరసమో వెనిగరో అద్ది మెల్లగా తుడవాలి. తర్వాత పొడి పుల్లతో మళ్లీ తుడిచి బాగా ఆరనివ్వాలి. పైపైన తుప్పు మాత్రమే ఉంటే పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దినా పోతుంది. చాలాకాలం వాడనప్పుడు సెల్లు తీసి పక్కన పెట్టేస్తే ఈ బాధే ఉండదు.

నీలం పోర్టు చేసే గోల

సెల్లు కొత్తదే. అయినా అక్షరాలు జారిపోతున్నాయి. బాణం గుర్తు గంతులేస్తోంది. అంటే దారిలో ఏదో అడ్డుందన్నమాట. ఇక్కడే చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. ఆ అడ్డు కంప్యూటర్‌లోనే ఉండొచ్చు!

ఈమధ్యకాలం కంప్యూటర్లకు మామూలు యూఎస్‌బీ పోర్టులతోపాటు వేగంగా పనిచేసే యూఎస్‌బీ 3.0 పోర్టులూ ఉంటున్నాయి. చాలావాటిలో వాటి లోపలి ప్లాస్టిక్ ముక్క నీలం రంగులో ఉంటుంది. హార్డ్‌డిస్కో పెన్‌డ్రైవో పెడితే సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పనిచేస్తాయి. ఆ వేగంతో సమాచారం పరుగెడుతున్నప్పుడు పోర్టు దగ్గర, వైరు దగ్గర రేడియో రొద పుడుతుంది. ఆ రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కూడా పడుతుంది. ఈ సంగతి చెప్పింది ఎవరో కాదు, ఇంటెల్ కంపెనీయే. 2012లో ప్రత్యేకంగా ఒక నివేదికే ఇచ్చింది. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ తగిలించినప్పుడు ఆ రొద దాదాపు 20 డెసిబెల్స్ పెరిగిందని అందులో ఉంది. అంటే దగ్గర దగ్గర వంద రెట్లు. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి గుసగుసలాడితే ఎవరికి వినిపిస్తుంది? మౌస్ పరిస్థితీ అంతే.

విరుగుడు చాలా తేలిక. రిసీవర్‌ని నీలం పోర్టులోంచి తీసి, హార్డ్‌డిస్క్‌కి దూరంగా ఉన్న మామూలు నల్లపోర్టులో పెట్టడమే. టేబుల్ కింద సీపీయూ పెట్టుకున్నవాళ్లయితే వెనకవైపు కాకుండా ముందు పోర్టు వాడాలి. ఇనుప డబ్బా చాటునుంచి రేడియో తరంగాలు రావడం కష్టం. ముందు పోర్టు కూడా కుదరకపోతే యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి కొని, రిసీవర్‌ని దాని చివర పెట్టి టేబుల్ మీదకు తెచ్చుకోవచ్చు. ఇంటెల్ నివేదిక చెప్పింది కూడా ఇదే... రిసీవర్‌ని రొదకి వీలైనంత ఎడంగా ఉంచమని.

వైఫై రౌటర్ కూడా అదే టేబుల్ మీద ఉంటే దాన్ని కాస్త దూరం జరపండి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఉంటే కంప్యూటర్‌ని దానికి కలపండి. అప్పుడు 2.4 దారిలో కొంత రద్దీ తగ్గుతుంది. ఇనుప టేబుళ్ల మీద వైర్‌లెస్ మౌస్ చిరాకు పెడుతుంటే అడుగున మందపాటి ప్యాడ్ వేసి చూడాలి.

ఒకే అక్షరం 'అఅఅఅఅ' అంటూ వరసగా పడిపోవడం చూసే ఉంటారు. దానికీ ఈ రొదే కారణం కావచ్చు. మీట నొక్కినప్పుడు ఒక కబురు, వదిలినప్పుడు ఇంకో కబురు వెళ్తుంది. రెండోది దారిలో పోయిందంటే మీ వేలు ఇంకా మీట మీదే ఉందని కంప్యూటర్ అనుకుంటుంది. మామూలు ఉత్తరంలో అయితే నవ్వుకుని చెరిపేస్తాం. బ్యాంకు ఖాతాకి డబ్బు పంపేటప్పుడు సున్నా ఒకటి జారినా, ఒకటి ఎక్కువైనా? అందుకే కీబోర్డు మొరాయిస్తున్న రోజున డబ్బు లావాదేవీలు పెట్టుకోకూడదు. తప్పనిసరైతే అంకెల్ని రెండుసార్లు చదువుకోవాలి.

జత తప్పితే...

రిసీవర్‌కీ మౌస్‌కీ ఫ్యాక్టరీలోనే పరిచయం చేసి పంపుతారు. తక్కువ ధర సెట్లలో ఆ జత అక్కడితో ఖాయం. రిసీవర్ పోతే మౌస్ ఉన్నా లేనట్టే. కొత్తది కొన్నాక పెట్టెలో రిసీవర్ లేదని షాపుకి పరుగెత్తేముందు సెల్లు పెట్టే అర తెరిచి చూడండి. చాలా కంపెనీలు దాన్ని అక్కడే దాచిపెడతాయి. కొన్ని రకాల్లో మాత్రం రిసీవర్‌ని విడిగా కొని మళ్లీ జత చేసుకోవచ్చు. లాజిటెక్ 2009లో తెచ్చిన యూనిఫైయింగ్, 2021లో తెచ్చిన లాజీ బోల్ట్ రిసీవర్లు అలాంటివే. ఒక్కోదానికి ఆరు పరికరాల దాకా కలపొచ్చు. అయితే ఒక రకం మౌస్ రెండో రకం రిసీవర్‌తో కలవదు.

బ్లూటూత్‌ది ఇంకో కథ. నిన్నటిదాకా పనిచేసిన మౌస్ ఇవాళ ఉలకదు పలకదు. సెట్టింగ్స్‌లో చూస్తే పేరు ఉంటుంది. అలాంటప్పుడు పదేపదే ఆన్, ఆఫ్ చేస్తూ కూర్చోవడం వృథా. విండోస్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ పేజీకి వెళ్లి ఆ పేరుని 'రిమూవ్ డివైస్' నొక్కి తీసేయాలి. తర్వాత మౌస్ అడుగున ఉండే జత చేసే బటన్‌ని లైటు గబగబా మిణుకుమనేదాకా నొక్కి పట్టుకుని, 'యాడ్ డివైస్'తో మళ్లీ కొత్తగా కలపాలి. కీబోర్డు అయితే తెర మీద కొన్ని అంకెలు చూపించి కొట్టమనవచ్చు. వాటిని కొత్త కీబోర్డు మీదే కొట్టి ఎంటర్ నొక్కాలి. పక్కనున్న పాత కీబోర్డు మీద కొట్టి, కలవడం లేదని విసుక్కునేవాళ్లు బోలెడుమంది.

ఒకే కీబోర్డుని మూడు పరికరాలకు కలిపే సదుపాయం ఉంటే ఇంకో చిక్కు. దాని మీద 1, 2, 3 అని మీటలుంటాయి. తుడుస్తున్నప్పుడో పిల్లలు ఆడుకునేటప్పుడో 1 పోయి 2 మీద పడిందంటే మీరిక్కడ కొట్టే అక్షరాలు హాల్లో ఉన్న ట్యాబ్‌లో ప్రత్యక్షమవుతాయి!

నిద్రలోకి జారుకున్న కంప్యూటర్

కాసేపు టీ తాగొచ్చేసరికి మౌస్ కదలదు. రిసీవర్ తీసి మళ్లీ పెడితే కదులుతుంది. ఇదే రోజూ జరుగుతుంటే తప్పు మౌస్‌ది కాదు. కరెంటు పొదుపు చేద్దామని విండోసే ఆ పోర్టుని నిద్రపుచ్చుతోంది. స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడిబటన్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో 'యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్' కింద 'యూఎస్‌బీ రూట్ హబ్' కనిపిస్తుంది. దాని ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్తే, పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చా అన్న అర్థంలో ఒక వాక్యం, పక్కనే టిక్కు ఉంటాయి. ఆ టిక్కు తీసేస్తే సరి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ట్యాబ్ కనిపించదు. వాటిలో చేయగలిగేది తక్కువే.

ఇంకో కిటుకు ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ కొడితే కంప్యూటర్ పూర్తిగా ఆగిపోయినట్టు కాదు. మర్నాడు త్వరగా లేవడానికి కొంత సమాచారాన్ని దాచుకుని పడుకుంటుంది. రాత్రి ఉన్న తికమక పొద్దున కూడా ఉండటానికి అదొక కారణం. అదే రీస్టార్ట్ కొడితే మొత్తం చెరిపేసి మొదట్నుంచి లేస్తుంది. కాబట్టి 'ఆపి మళ్లీ ఆన్ చేశానండీ, అయినా అంతే' అనేవాళ్లు ఒకసారి రీస్టార్ట్ చేసి చూడాలి.

కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు విండోస్ రాకముందు కనిపించే బయోస్ తెర మీద చాలా బ్లూటూత్ కీబోర్డులు పనిచేయవు. అది జబ్బు కాదు. వాటిని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ అప్పటికి ఇంకా లేవలేదు, అంతే. ఇంట్లో పాత వైరు కీబోర్డు ఒకటి ఉంటే పాతసామాన్లవాడికి వేయకుండా అటక మీద ఉంచుకోవడం మేలు.

దోషం లేకున్నా దోషమే

కొన్నిసార్లు అన్నీ బాగానే ఉంటాయి. అయినా పనిచేయదు. కుడివైపు షిఫ్ట్ మీటని ఎనిమిది సెకన్లు అలాగే నొక్కిపట్టుకుంటే విండోస్‌లో 'ఫిల్టర్ కీస్' అనే సదుపాయం మేలుకుంటుంది. చేతులు వణికేవాళ్ల కోసం పెట్టిన మంచి ఏర్పాటు అది. పొరపాటున తగిలిన మీటల్ని లెక్కచేయదు. ఆ సంగతి తెలియనివాళ్లకు మాత్రం కీబోర్డు చచ్చిపోయినట్టే ఉంటుంది. ఆలోచిస్తూ మీట మీద వేలు పెట్టి ఉంచేసేవాళ్లు, ఆ తర్వాత వచ్చిన ప్రశ్నకి చదవకుండా 'ఎస్' కొట్టేసేవాళ్లు దీని బారిన పడుతుంటారు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డు పేజీకి వెళ్లి ఫిల్టర్ కీస్ ఆపేస్తే అన్నీ మామూలే.

అంకెలు పడకపోతే నమ్‌లాక్ చూడండి. మౌస్ అద్దం బల్ల మీద నడవకపోతే అడుగున ఓ తెల్లకాగితం వేయండి. మౌస్ అడుగున ఉండే కంటికి కింద మెరుపో నునుపో ఎక్కువైతే తను కదిలానో లేదో తెలియదు. ఆ కంటికి అడ్డంగా వెంట్రుక ఒక్కటి చిక్కుకున్నా బాణం గుర్తు గంతులేస్తుంది.

మౌస్ లేకుండా గండం గట్టెక్కాలంటే...

* మౌస్ ఆగిపోయి కీబోర్డు పనిచేస్తుంటే: ట్యాబ్ మీటతో ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లొచ్చు. టిక్కు పెట్టడానికి స్పేస్, బటన్ నొక్కడానికి ఎంటర్. విండోస్ మీట పట్టుకుని 'ఐ' నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి.

* పక్కన అంకెల మీటలున్న కీబోర్డు అయితే: ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్‌లాక్ ఒకేసారి నొక్కి, వచ్చిన ప్రశ్నకి ఎంటర్ కొట్టండి. ఇక 8, 2, 4, 6 అంకెలు బాణం గుర్తుని నడిపిస్తాయి. 5 నొక్కితే క్లిక్.

* కీబోర్డు ఆగిపోయి మౌస్ పనిచేస్తుంటే: పాస్‌వర్డ్ అడిగే తెర మీద మూలనున్న యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి ఆన్‌స్క్రీన్ కీబోర్డు ఎంచుకోవాలి. మీటలన్నీ తెర మీదకే వస్తాయి. ఒక్కోదాన్నీ మౌస్‌తో నొక్కొచ్చు.

పక్క భవనానికి వెళ్లిన అక్షరాలు

ఇంతదాకా చెప్పుకున్నది కబురు చేరకపోవడం గురించి. చేరకూడని చోటికి చేరితే? నార్వేలోని స్టావంగర్‌లో 2002లో అదే జరిగింది. ఒకాయన తన గదిలో టైపు చేస్తుంటే ఆ అక్షరాలు దాదాపు 150 మీటర్ల దూరంలో, వేరే భవనంలో ఉన్న ఇంకొకాయన కంప్యూటర్ తెర మీద వచ్చిపడ్డాయి. ఇద్దరివీ ఒకే కంపెనీ వైర్‌లెస్ కీబోర్డులు.

అది పొరపాటున జరిగింది. కావాలని చేస్తే? స్విట్జర్లాండ్‌లోని డ్రీమ్‌ల్యాబ్ టెక్నాలజీస్ నిపుణులు 2007లో 27 మెగాహెర్ట్జ్ కీబోర్డుల్ని పరిశీలించారు. ఒక పేరున్న కంపెనీ కీబోర్డులు అక్షరాలకు వేసే తాళానికి ఉన్న తాళంచెవులు మొత్తం 256 మాత్రమేనని తేల్చారు. కంప్యూటర్‌కి అన్నింటినీ ప్రయత్నించి చూడటం చిటికెలో పని. 2016లో అమెరికాకి చెందిన బాస్టిల్ సంస్థ ఇంకో రెండు లోపాలు బయటపెట్టింది. మొదటిది మౌస్‌జాక్. ఏడు కంపెనీల రిసీవర్లకు దాదాపు 100 మీటర్ల దూరంనుంచి దొంగ అక్షరాలు పంపవచ్చని చూపించింది. రెండోది కీస్నిఫర్. ఎనిమిది కంపెనీల చవక కీబోర్డులు అసలు తాళమే వేయకుండా అక్షరాల్ని గాల్లోకి వదులుతున్నాయని చెప్పింది. 2023 డిసెంబరులో బ్లూటూత్‌లోనూ ఓ లోపం బయటపడింది. యజమానిని అడక్కుండానే నకిలీ కీబోర్డు వచ్చి ఫోనుతోనో కంప్యూటర్‌తోనో కలిసిపోయే వీలుందని తేలింది. దానికి విరుగుడుగా కంపెనీలు అప్‌డేట్లు ఇచ్చాయి.

అలాగని హడలిపోవాల్సిన పనిలేదు. ఇవన్నీ దగ్గర్లో ఉండి, పని తెలిసినవాడు పూనుకుంటే జరిగేవి. కానీ కీబోర్డు మీద కొట్టే ప్రతి పాస్‌వర్డూ గాల్లోంచే వెళ్తోందన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు. ఫోను, కంప్యూటర్‌లకు వచ్చే అప్‌డేట్లు వాయిదా వేయకండి. ఊరూపేరూ లేని పాత సెట్టుతో నెట్‌బ్యాంకింగ్ చేయకండి. నలుగురు కూర్చునే ఆఫీసులో డబ్బు లెక్కలు చూసే కంప్యూటర్‌కి వైరు కీబోర్డే నయం.

కొత్తది కొనక తప్పదనుకుంటే అట్టపెట్టె మీద 'ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్' అన్న మాట ఉందేమో చూడండి. అక్షరాలకు గట్టి తాళం వేస్తుందని దానర్థం. పెట్టె మీద లేకపోతే కంపెనీ సైటులో ఆ మోడల్ వివరాలు చదవండి. ల్యాప్‌టాప్‌కి పోర్టులు తక్కువుంటే బ్లూటూత్ రకం, డెస్క్‌టాప్‌కైతే రిసీవర్ రకం సుఖం. షాపులోనే సెల్లు వేయించి ఓసారి నాలుగు వాక్యాలు కొట్టి చూస్తే ఇంకా మంచిది.

ఇంతకీ ఆ రాత్రి ఏమైంది?

'ఏం మార్చారు?' అన్న ప్రశ్నకి ఆ తండ్రి 'ఏమీ మార్చలేదే' అనబోయి ఆగిపోయాడు. సాయంత్రం బంధువుల పెళ్లి వీడియోలు కాపీ చేద్దామని హార్డ్‌డిస్క్ ఒకటి తగిలించిన సంగతి గుర్తొచ్చింది. టేబుల్ కిందకి వంగి చూశాడు. సీపీయూ వెనక నీలం పోర్టులో హార్డ్‌డిస్క్, దాన్ని ఆనుకునే రిసీవర్. హార్డ్‌డిస్క్ లైటు ఇంకా మిణుకుమంటూనే ఉంది. కాపీ అవడం ఆపించి, హార్డ్‌డిస్క్ తీసేశాడు. రిసీవర్‌ని తెచ్చి ముందువైపు పోర్టులో పెట్టాడు.

అమ్మాయి పాస్‌వర్డ్ కొట్టింది. ఈసారి చుక్కలు లెక్కగా పది. పదకొండుంపావుకల్లా కాలేజీలన్నీ కాగితం మీద రాసుకున్న వరసలోనే ఎక్కాయి. సేవ్ చేసి, ఒక ప్రింటు కూడా తీసుకున్నారు.

గోడ గడియారంలోకి సెల్లు తిరిగి వేయడం మాత్రం ఎవరికీ గుర్తులేదు. మర్నాడు పొద్దున లేచేసరికి అందులో ఇంకా పదిన్నరే!